కోటిలింగం గారి పంతొమ్మిది టేపులు

ఫౌజియాకు ఫోన్ చేసింది కోటిలింగం గారు కాదు, మాధురి అనే అమ్మాయి. కంకిపాడులో ఒక పెద్దాయన కంప్యూటర్ రోజుకు రెండు మూడుసార్లు హ్యాంగ్ అవుతోందని, రెండు నెలల్లో నలుగురు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారని చెప్పింది.

"అందరూ కొత్తది కొనుక్కోమంటున్నారండీ. కొత్తదాంట్లో ఆయన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కదంట. మీరు పాత మిషన్లు కూడా చూస్తారని విన్నాను. ఒక్కసారి వస్తారా?"

ఫౌజియాకు పటమటలో చిన్న రిపేరు షాపు ఉంది. ల్యాప్‌టాప్ స్క్రీన్లు మార్చడం, కోచింగ్ కాలేజీల ప్రింటర్లు బాగుచెయ్యడం, పదకొండేళ్ళుగా అదే పని. పాత మిషన్లంటే ఆమెకు ఇష్టమే గాని, తెచ్చేవాళ్ళే తగ్గిపోయారు. ఆదివారం షాపు సెలవు. ఆ రోజు వస్తానంది.

స్కూటర్ మీద బందరు రోడ్డు పట్టుకుని పోరంకి, పెనమలూరు దాటి కంకిపాడు చేరేసరికి పదయింది. ఎరువుల కొట్టు పైన మేడగది. లోపల నాలుగు గోడలకూ చీరల అంచుల బొమ్మలు అంటించి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ చిన్న చిన్న గడులు, కొన్నిట్లో రంగు, కొన్ని ఖాళీ. చీర అంచులో పువ్వో పిట్టో రావాలంటే మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టలు కట్టాలి. ఏ చిల్లు ఎక్కడ పడాలో గడులు గడులుగా గీసిచ్చేది కోటిలింగం గారు. పెడన, కప్పలదొడ్డి వైపు నేతగాళ్ళు నలభై ఏళ్ళుగా బస్సెక్కి ఆయన దగ్గరికే వస్తున్నారు. మొదట్లో పెన్సిలుతో గీసేవారు. ఇరవై ఏళ్ళ నుంచి కంప్యూటర్ మీద.

ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి ఫౌజియా వెనక మెట్లవైపు చూశారు.

"సార్ రాలేదా అమ్మా?"

"చూసేది నేనేనండీ."

కుర్చీ మీదున్న కాగితాలు తీసి పక్కన పెట్టారు.

గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఫోన్ చేసిన మాధురి, ఆమె అత్తగారు చౌడేశ్వరమ్మ. కప్పలదొడ్డిలో వాళ్ళకు రెండు మగ్గాలున్నాయి. పద్దెనిమిదేళ్ళ కిందట చౌడేశ్వరమ్మ గోరువంకల అంచుతో ఒక చీర నేసింది. మొన్న మాధురి దాని పాత ఫొటో ఇన్‌స్టాలో పెడితే ఒకావిడ చూసి, ఇంట్లో పెళ్ళికి అలాంటివే పదకొండు కావాలని అడిగింది. తీరా చూస్తే ఆ అట్టలు కిందటేడు వానలకు తడిసి ముద్దయిపోయాయి. మళ్ళీ కొట్టించాలంటే బొమ్మ కావాలి.

"బొమ్మ నా దగ్గరుంది," అన్నారు కోటిలింగం గారు. బల్ల కింద నుంచి రేకు డబ్బా తీసి మూత తెరిచారు. అగ్గిపెట్టెకు రెండింతలుండే టేపు క్యాసెట్లు, అడుగున అల్యూమినియం రేకుతో, పంతొమ్మిది ఉన్నాయి. ఒక్కోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో సంవత్సరం, నెల. "ఈ మిషన్లో చోటు తక్కువ. పాతవన్నీ టేపులకెక్కించి, లోపల చెరిపేశాను. గోరువంకలు రెండువేల ఆరు టేపులో ఉన్నాయి. మిషన్ మధ్యలో ఆగిపోతే ఆ పాత టేపు ఎక్కడ తెగుతుందోనని పెట్టడానికి భయంగా ఉంది. ముందు మిషన్ బాగుచెయ్యండి."

"ఎప్పుడెప్పుడు హ్యాంగ్ అవుతోందండీ?"

"దానిష్టం. పొద్దున అవుతుంది, మధ్యాహ్నం అవుతుంది. పని చేస్తున్నా అవుతుంది, ఊరికే వదిలేసినా అవుతుంది."

ఫౌజియా ముందు హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా తను తెచ్చుకున్న డిస్క్‌లోకి కాపీ తీసుకుంది. మెమరీ పరీక్షించింది. ఫ్యానులో దుమ్ము దులిపింది. పవర్ సప్లై కొలిచి చూసింది, సరిగ్గానే ఉంది. తర్వాత ఒక పెద్ద డిజైన్ తెరిచి, ఆయన్ని గీస్తూ ఉండమని పక్కనే కూర్చుంది. మూడు గంటలు గడిచినా ఒక్కసారీ ఆగలేదు. మాధురి మూడుసార్లు టీ తెచ్చింది. చౌడేశ్వరమ్మ బస్సుకు టైమవుతోందని లేచింది.

"బాగుపడినట్టేనా?" అనడిగారు కోటిలింగం గారు.

"నేను బాగుచేసిందేమీ లేదండీ. ఎందుకాగలేదో నాకే తెలీదు."

ఆ మాట చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ఆయనకు మాత్రం, ఎందుకో, అప్పటిదాకా వచ్చిన నలుగురి కంటే ఈమె మీద గురి కుదిరింది.

సోమవారం పదకొండింటికి ఫోన్ వచ్చింది. మళ్ళీ ఆగింది.

"ఒక పుస్తకం పెట్టుకుని ఎప్పుడాగిందో టైము రాయండి కోటిలింగం గారూ. అప్పుడు మీరేం చేస్తున్నారో కూడా రాయండి. చిన్న విషయమని వదిలెయ్యొద్దు."

"ఎన్నాళ్ళు?"

"వారం."

వారం తర్వాత, సోమవారం మధ్యాహ్నం ఫౌజియా మళ్ళీ వెళ్ళింది. ఆయన రాసింది చూసి ఆశ్చర్యపోయింది. ఎర్ర మార్జిను కొట్టి, నిమిషాలతో సహా రాశారు. కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, ఎవరెవరు ఏ డిజైన్ కోసం వచ్చారు, తను అన్నానికి ఎప్పుడు లేచారు, అన్నీ ఉన్నాయి. సోమవారం నుంచి శనివారం దాకా పద్నాలుగుసార్లు ఆగింది. ఆదివారం పేజీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనే ఉంది గాని, ఆగినట్టు లేదు.

"ఆదివారం ఆగలేదా, రాయడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. ఆగలేదు."

"నేను మొదటిసారి వచ్చిందీ ఆదివారమే. ఆదివారం మీరేదైనా వేరేగా చేస్తారాండీ?"

"అదే కుర్చీ, అదే పని."

ఫౌజియా పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివింది. సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి, ఆమెకు ఫోన్ చేశాక గుర్తు తెచ్చుకుని రాసిన ఒక వాక్యముంది. 'వారం పని దాచే టేపు పెట్టాను.' శనివారం సాయంత్రం ఇంకోటి. 'వారం పని ఎక్కించి టేపు తీశాను.' ఆ రెండిటి మధ్యే పద్నాలుగూ పడ్డాయి.

ఆమె అడగబోయేలోగా తెర మీద బాణం గుర్తు నిలిచిపోయింది. ఫౌజియా కీబోర్డు మీద ఒకటి రెండు కీలు నొక్కింది. కదలిక లేదు. వంగి డబ్బా ముందువైపు చూసింది. డిస్క్ పని చేసినప్పుడల్లా మిణుకుమనే ఎర్ర దీపం ఆగకుండా వెలుగుతూనే ఉంది. ఆమె స్విచ్ ఆపి, పక్క రేకు విప్పి, టార్చి వేసి చూసింది. హార్డ్ డిస్క్ నుంచి బయల్దేరిన వెడల్పాటి బద్దీలాంటి కేబుల్ దారిలో టేపు డ్రైవ్‌ను కూడా తగులుకుని బోర్డులోకి వెళుతోంది.

"ఈ రెండూ ఒకే కేబుల్ మీద ముందు నుంచీ ఉన్నాయా?"

"ఏప్రిల్లో ఒకతను వచ్చి సీడీ డ్రైవ్ తీసేశాడు. దానికీ టేపు డ్రైవ్‌కూ కలిపి ఉన్న వైరు చిరిగిందన్నాడు. అప్పుడేదో మార్చాడు."

"అదేనండీ. ఒక కేబుల్ మీద ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు ఆగాలి. టేపు లోపలుంటే ఈ సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడు దాన్ని పలకరిస్తుంది. డ్రైవ్ జవాబు చెప్పలేక అక్కడే ఉండిపోతోంది, కేబుల్ వదలట్లేదు. హార్డ్ డిస్క్‌కు దారి లేదు. డిస్క్ లేకపోతే మిషన్ మొత్తం నిలబడిపోతుంది. మిషన్ బాగానే ఉందండీ. ఆపుతున్నది టేపు డ్రైవ్."

కోటిలింగం గారి ముఖం మారింది.

"అది కాదు. ఇంకేదన్నా చూడండి."

"పుస్తకంలో మీరే రాశారు కదండీ."

"రాశాను. అయినా అది కాదు." ఆయన కాసేపు కిటికీలోంచి రోడ్డు మీద బస్సులను చూశారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "మా ఆవిడ సంపూర్ణమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాలుగు నెలలు ఈ గది తాళం తియ్యలేదు. అన్నీ అయిపోయాక వచ్చి స్విచ్ వేస్తే హార్డ్ డిస్క్ పోయింది. ఏం మిగల్లేదనుకున్నాను. ఈ డ్రైవ్ ఒక్కో బొమ్మా తిరిగిచ్చింది. రెండు రోజులు ఇక్కడే కూర్చుని అది తిరుగుతున్న చప్పుడు విన్నాను. ఇప్పుడు దాన్ని దొంగ అంటే నాకు మనసొప్పదమ్మా."

ఫౌజియా టార్చి ఆపి, "దొంగ అనట్లేదండీ. దానికి ఒంట్లో బాగాలేదంటున్నాను. రెండు రోజులు విప్పి ఉంచుదాం. అప్పటికీ మిషన్ ఆగితే నాదే తప్పు," అంది.

విప్పి వెళ్ళింది. రెండు రోజులన్నది నాలుగు రోజులైంది. ఒక్కసారీ ఆగలేదు. నాలుగో రోజు కోటిలింగం గారే ఫోన్ చేశారు.

"మీరన్నదే నిజం," అన్నారు. గొంతులో సంతోషం లేదు. "మరి నా పంతొమ్మిది టేపులు ఎవరు చదువుతారు?"

ఫౌజియా కొత్త కేబుల్ పట్టుకుని వెళ్ళింది. హార్డ్ డిస్క్‌ను దాని కేబుల్ మీదే వదిలేసి, టేపు డ్రైవ్‌ను విడిగా రెండో కనెక్షనుకు తగిలించింది. ఆయన వారం వారం వాడే టేపు పెట్టి చదవమంది. లోపల కీచుమని చప్పుడైంది, కొద్దిసేపు ఆగింది, మళ్ళీ కీచుమంది. తెర మీద 'టేపు చదవలేకపోతున్నాను' అన్న అర్థంతో ఒక పెట్టె వచ్చింది. కంప్యూటర్ మాత్రం ఆగలేదు.

"సగం అయిందండీ," అంటూ టేపు బయటికి తీసిన ఫౌజియా దాన్ని చూసి ఉలిక్కిపడింది. టేపును తిప్పే చిన్న చక్రం మీద నల్లటి జిగురు అంటుకుని ఉంది.

డ్రైవ్ విప్పి చూస్తే కారణం కనబడింది. లోపల టేపును తిప్పే రబ్బరు రోలర్ బెల్లం పాకంలా మెత్తబడి సాగుతోంది. వేలు పెడితే వేలికంటుకుంది. ఇన్నాళ్ళూ డ్రైవ్ జవాబు చెప్పలేకపోయింది అందుకే. మోటారు తిరుగుతున్నా రబ్బరు అప్పుడప్పుడు జారిపోయేది, ఇప్పుడు టేపు అసలే కదలడం లేదు.

"తప్పు నాదేనండీ," అంది ఫౌజియా. "విప్పి చూశాక పెట్టాల్సింది. ఇదే రెండువేల ఆరు టేపయితే ఏమయ్యేదో."

కోటిలింగం గారు ఆ టేపు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో ఉన్నవి మిషన్లో కూడా ఉన్నాయిలెండి. పోనివ్వండి. ఈ రబ్బరు దొరుకుతుందా?"

"కంపెనీ తయారీ మానేసి చాలా ఏళ్ళయింది. చూస్తాను."

పాత డ్రైవుల కోసం రెండు రోజులు ఆన్‌లైన్లో వెతికింది. చెన్నైలో ఒకరి దగ్గర ఉందన్నారు. ఫొటో పంపమంటే పంపారు, దాంట్లోనూ రబ్బరు అలాగే కరిగి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి తిరిగొచ్చిన తండ్రి రహ్మాన్, కూతురు డ్రైవ్‌లోంచి విప్పి బల్ల మీద పెట్టుకుని చూస్తున్న రోలర్ ఇనుప ఇరుసును చేతిలోకి తీసుకున్నాడు. ఆయన పాతికేళ్ళు ఇదే షాపులో టేపు రికార్డర్లు బాగుచేశాడు. అవి పోయాక ఫ్యాన్లు, మిక్సీలు చూశాడు. ఇప్పుడు చూపు తగ్గి పని మానేశాడు.

"ప్రెషర్ రోలర్‌ది కదా ఇది?"

"అలాంటిదే అబ్బా. రబ్బరు పోయింది."

"ఎంత లావుండేది?"

"అదే తెలీదు. కరిగిపోయింది."

"టేపు చక్రానికీ ఇరుసుకూ మధ్య దూరం కొలువు. అంతకంటే వెంట్రుకవాసి ఎక్కువుండాలి, ఒత్తుకుని తిరగాలి కాబట్టి. మరీ లావైతే తొందరపడుతుంది, సన్నమైతే జారుతుంది." ఆయన లేచి అటక మీది డబ్బా దింపమన్నాడు. కాగితాల్లో చుట్టిన కొత్త రోలర్లు అందులో యాభై దాకా ఉన్నాయి. వేళ్ళతో నొక్కి నొక్కి చూసి, సగానికి పైగా గట్టిపడిపోయాయని పక్కన పడేశాడు. చివరికి ఒకటి ఎంచాడు. దాని రబ్బరు ఊడదీసి ఇరుసుకు ఎక్కించి అంటించారు. మర్నాడు డ్రిల్లు మిషన్‌కు బిగించి తిప్పుతూ, గరుకు కాగితంతో కొంచెం కొంచెంగా అరగదీశాడు. చూపు సరిగా లేకపోయినా బొటనవేలితో తడుముతూ చేశాడు. కొలిచి చెప్పడం ఫౌజియా పని.

మొదటి రోలర్ పనికిరాలేదు. కంకిపాడు వెళ్ళి బిగిస్తే టేపు తిరిగింది, తప్పులు లెక్కకు మించి వచ్చాయి. లావెక్కువైంది. ఆ మాట ఫోన్లో రహ్మాన్‌కు చెప్పింది.

"రేపు నన్ను కూడా తీసుకెళ్ళు," అన్నాడాయన. "ఇక్కడ అరగదీసి అక్కడికి పంపడమేంటి? అక్కడే కూర్చుని చేస్తాను."

మర్నాడు తండ్రినీ డ్రిల్లు మిషన్‌నూ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళింది. కోటిలింగం గారు, రహ్మాన్ ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాత గంటసేపు రబ్బరు గురించే మాట్లాడుకున్నారు. మగ్గం రోలర్లకు ఏ రబ్బరు వేస్తారు, ఎండకు ఏది ఆగుతుంది, నూనె తగిలితే ఏది చెడిపోతుంది. మాట్లాడుతూనే రహ్మాన్ అరగదీస్తున్నాడు, ఫౌజియా బిగిస్తోంది, విప్పుతోంది. ముందుగా ఒక ఖాళీ టేపు మీద పరీక్షించారు. అయిదోసారి బిగించాక లోపల నుంచి కీచుమనే చప్పుడు రాలేదు. ఒకే తీరుగా, సన్నగా, తుమ్మెద మోతలాంటి చప్పుడు వచ్చింది.

కోటిలింగం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేనమ్మా," అన్నారు. "ఇదే చప్పుడు."

టేపులన్నీ చదవడానికి మూడు వారాలు పట్టింది. ఒక్కో టేపునూ ఫౌజియా ముందు విప్పి చూసి, శుభ్రం చేసి, ఆ తర్వాతే పెట్టేది. చదివిన ప్రతి బొమ్మనూ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే మామూలు చిత్రంగా మార్చి, రెండు కొత్త డిస్కుల్లో పెట్టింది. ఒకటి మేడగదిలో, ఒకటి ఆయన ఇంట్లో. పంతొమ్మిదిలో పదిహేడు పూర్తిగా వచ్చాయి. ఒకటి అసలు రాలేదు. లోపలి పట్టీ తెగి టేపు చిక్కుపడిపోయింది. ఇంకోటి సగంలో ఆగింది. అది రెండువేల ఆరు.

ఆ ఆదివారం చౌడేశ్వరమ్మ, మాధురి పొద్దున్నే బస్సు దిగారు. ఫౌజియా గోరువంకల అంచు తెరిచింది. తెర మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పిట్టలు, ఒకదాని తోక పక్కన ఇంకోదాని ముక్కు, గడి తప్పకుండా. చౌడేశ్వరమ్మ తెర దగ్గరికి వంగి, పెదవులు కదుపుతూ గడులు లెక్కపెట్టింది.

"ఇదే. నలభై ఎనిమిదో గడి దగ్గర బొమ్మ మళ్ళీ మొదలవుతుంది. నా చేతులకు ఇంకా గుర్తుంది."

"కొంగు రాలేదండీ," అంది ఫౌజియా. "టేపు సరిగ్గా దాని దగ్గరే ఆగింది. మూడు రోజులు ప్రయత్నించాను. అంతకంటే లాగితే టేపు తెగుతుందని వదిలేశాను."

పదకొండు చీరలకు ఒప్పుకున్న మాధురి ఫోన్ చేతిలో పట్టుకుని అత్తగారి ముఖం చూస్తోంది. కోటిలింగం గారు గడ్డం నిమురుకున్నారు. ఫొటో చూసి మళ్ళీ గీద్దామంటే, ఆ ఫొటోలో కొంగు మడతపడి ఉంది. ఆ చీర ఇప్పుడెవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

"ఆ కొంగు పోతే పోయిందిలే అన్నయ్యా," అంది చౌడేశ్వరమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు.

"నేసినప్పుడే చెప్దామనుకున్నా. అంచులో పిట్టలన్నీ చక్కగా ముందుకు చూస్తాయా, కొంగులోకొచ్చేసరికి బొమ్మల దుకాణంలో పెట్టినట్టు బిగుసుకుని నిలబడతాయి. మీరు పెద్దవారని ఊరుకున్నాను."

"పద్దెనిమిదేళ్ళు ఊరుకున్నావా?"

"మీరడగలేదు కదా."

కోటిలింగం గారికి కోపం వస్తుందేమోనని ఫౌజియా భయపడింది. ఆయన మాత్రం గోడ మీది బొమ్మలను ఒకసారి కలియజూసి, "అప్పుడు నాకూ నచ్చలేదు," అన్నారు. "గడువు దగ్గరపడి అలాగే ఇచ్చేశాను. ఎలా ఉండాలంటావు?"

"మా దొడ్లో గోరువంకలు నీళ్ళ తొట్టి దగ్గరికొస్తాయి. ఒకటి తాగుతుంటే ఇంకోటి మెడ తిప్పి చూస్తూ ఉంటుంది, పిల్లి వస్తుందేమోనని. అలా రెండు రెండు ఉండాలి."

ఆయన మౌసు పట్టుకుని ఒక పిట్ట మొదలుపెట్టారు. చెయ్యి వణకడం వల్ల మెడ దగ్గర గీత రెండుసార్లు పక్కకు పోయింది. మూడోసారి చెరిపి, కుర్చీలోంచి లేచారు.

"మాధురీ, నువ్వు కూర్చో."

"నేనా? నాకు రాదండీ."

"ఫోన్లో రోజంతా ఫొటోలు దిద్దుతావుగా. ఇదీ అంతే. ఒక్కో గడీ ఒక్కో దారం అనుకో. తప్పు పెడితే చెరుపుదాం."

మాధురి అత్తగారి వైపు చూసింది. చౌడేశ్వరమ్మ తలూపింది. ఆ అమ్మాయి చున్నీ నడుముకు చుట్టుకుని కూర్చుని మౌసు మీద చెయ్యి పెట్టింది. మొదటి గంటలో పిట్టకు ఒళ్ళొచ్చింది గాని, పిట్టలా లేదు, కోడిపిల్లలా ఉందని చౌడేశ్వరమ్మ అంది. మాధురి నవ్వి చెరిపేసింది. రెండోది మెడ తిప్పింది. ఫౌజియా ప్రతి పావుగంటకూ బొమ్మను కొత్త డిస్కులో కూడా దాస్తోంది.

"ముక్కు దగ్గర ఒక గడి తగ్గించు," అన్నారు కోటిలింగం గారు కుర్చీ వెనక నిలబడి. "అక్కడ దారం ఒత్తుకుంటుంది."

"ఒక గడి కాదు, రెండు," అంది చౌడేశ్వరమ్మ.

మాధురి ముందు ఒకటి తీసి చూసింది. తర్వాత రెండోదీ తీసింది.